ఎలుగుబంటి చెవిలో దూది

సూరత్‌లో నేను చూసిన సినిమాలకు లెక్కలేదు. వాటిలో ఒక్కదాని కథ కూడా నాకు తెలియదు. నా నోట్లోంచి వచ్చే మాటల్లో కల్తీ లేనివి తక్కువ. ఇది వాటిలో ఒకటి కాబట్టి దీనితోనే మొదలుపెడుతున్నాను.

వయసులో ఉన్న రోజుల్లో మా బావా నేనూ రాత్రి పాళీ దిగేసరికి పొద్దున ఏడయ్యేది. బావ అంటే మా అక్క మొగుడు. నాకంటే ముందే సూరత్ వచ్చి, నన్ను కూడా సాంచాల పనిలోకి లాగినవాడు. సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. పన్నెండు గంటలు వాటి మధ్య సందుల్లో అటూ ఇటూ నడిచి వచ్చి పడుకుందామంటే, నవాగామ్‌లో మా రేకుల గది పదింటికల్లా రొట్టెలు కాల్చుకునేంత వేడెక్కేది. అందుకని చల్లగా ఉండే సినిమా హాలుకు పోయేవాళ్లం. మధ్యాహ్నం ఆటకు టికెట్టు తీసుకుని, వెనక వరసలో చెప్పులు విడిచి, ముందు కుర్చీ మీద కాళ్లు చాపి నిద్రపోయేవాళ్లం. హాల్లో సగం మంది మాలాంటివాళ్లే. గురకల పోటీ పెడితే ఆ హాలుకు రాష్ట్రంలో మొదటి బహుమతి వచ్చేది.

అసలు సినిమాకు ముందు మాత్రం ఏడెనిమిది నిమిషాలు ఒక బొమ్మ వేసేవాళ్లు. జంతువులు మనుషుల్లా బట్టలు తొడుక్కుని తన్నుకునే కార్టూను. అది చూసేవాళ్లం. ఒళ్లు చల్లబడి నిద్ర రావడానికి ఆ మాత్రం సమయం పట్టేది. హాలువాడి దగ్గర ఒకటే రీలు ఉండేదో ఏమో, ఏ సినిమా ఆడినా ముందు అదే బొమ్మ. నెలల తరబడి అదే.

అందులో ఒక ఎలుగుబంటి, ఒక కొంగ. చలికాలం వచ్చింది, ఎలుగుబంటి పడుకోవాలి. గుహలో పక్క పరుచుకుంటుంది, కుచ్చు టోపీ పెట్టుకుంటుంది, దీపం ఆర్పుతుంది. సరిగ్గా అప్పుడే పక్క చెట్టు మీద కొంగ బ్యాండు సాధన మొదలుపెడుతుంది. డోలు, తాళాలు, తనకంటే పొడవైన బాకా. ఎలుగుబంటి తలుపు మూస్తుంది, తలుపుకు బండ అడ్డం పెడుతుంది, తలగడ కింద తల దూరుస్తుంది. ఏం చేసినా లాభం లేక చివరికి పరుపు చించి రెండు చెవుల్లో దూది కుక్కుకుంటుంది. అంతే, ఆ క్షణం నుంచి హాల్లో మనకు కూడా ఏమీ వినపడదు. కొంగ బుగ్గలు పగిలేలా ఊదుతుంటుంది, చెట్టు ఊగిపోతుంటుంది, ఆకులు రాలిపోతుంటాయి. చప్పుడు మాత్రం ఉండదు. ఎలుగుబంటి మొహంలో ఆ హాయి చూసి బావ ప్రతిసారీ ఒకటే అనేవాడు.

"బామ్మర్దీ, గది మన కులపోడేరా."

మేమూ మొదటి ఏడాది చెవుల్లో వేస్టు దూది పెట్టుకుని పనిచేశాం. చెమటకు దురద పెడుతోందని తర్వాత మానేశాం.

ఎలుగుబంటికి తుమ్మొచ్చి దూది ఎగిరిపోయి, మళ్లీ మోత మొదలై, అది కొంగను తరమడం దాకా చూసేవాళ్లం. అసలు సినిమా పేర్లు పడేసరికి మాకు తెలివి ఉండేది కాదు. సాయంత్రం కార్ఖానా గేటు దగ్గర తోటివాళ్లు కథ అడిగేవారు. టికెట్టు తీసుకుని పడుకున్నామంటే పరువు పోదా? చెప్పేవాడిని. నా పాపం అలా మొదలైంది. ఒక సినిమాలో హీరోను చిన్నప్పటి నుంచీ ఒక రైలింజను కుక్కలా వెంబడిస్తూ ఉంటుందని, పెళ్లి పందిరి దాకా వచ్చి కూత పెడుతుందని చెప్పాను. ఆ సినిమా నిజంగా చూసొచ్చినవాడు ఒకడు వారం తర్వాత నా కాలరు పట్టుకున్నాడు.

"నువ్వు జెప్పిందే మంచిగుండెగదరా! ఇంజను ఎప్పుడొస్తదా అని మూడు గంటలు కూసున్న."

అప్పటి నుంచీ టీ తాగే పది నిమిషాలూ నేను చెప్పడం, మిగతావాళ్లు వినడం మా కార్ఖానాలో ఆచారమైపోయింది. నా ఎదురుగా కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వేవాడు మా బావ.

ఇప్పుడు నాకు యాభై దాటింది. బావ నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇద్దరం అదే కార్ఖానాలో పక్కపక్క సాంచాల మీదే ఉన్నాం. ఎనిమిది ఆయనవి, ఎనిమిది నావి. ఏ సాంచా దగ్గర పోగు తెగినా, నూలు కండె అయిపోయినా అక్కడికి నడవాలి. పన్నెండు గంటల్లో కూర్చునేది ఆ టీ దగ్గరే. పోయిన చలికాలం ఒకరోజు మా అక్క నన్ను వాకిట్లోనే నిలబెట్టి అడిగింది.

"తమ్మీ, మీ బావ మెట్లెక్కుడు జూసినవా? గోడ వట్టుకొని, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్లు వెట్టి ఎక్కుతుండు. ఇంకో ఏడాది గిట్లనే నడిస్తె మంచంల వడ్తడు. జర కూసొని చేసే పనేదన్న చూడరాదు?"

"నేనెక్కడ చూడాలక్కా?"

"ఊరందరికి కథలు జెప్పవడ్తివి. మాకొక్క పని అడిగేతందుకు నోరు రాదా?"

నోరు వచ్చింది. మా తెలుగు సంఘం హాలు ఒక కార్యక్రమానికి మాట్లాడుకోవడానికి, సముద్రం ఒడ్డున పెద్ద ఫ్యాక్టరీలుండే హజీరా నుంచి ఒక ఇంజనీరు గారు వచ్చేవారు. కోస్తా వైపు మనిషి, పెద్ద కంపెనీలో మంచి హోదా. హజీరాలో ఉండే తెలుగు కుటుంబాలూ సాంచాల తెలుగువాళ్లూ కలిసి ఏడాదికి ఒక్క పూటైనా ఒకచోట కూర్చోవాలని ఆయన కోరిక. మా హాలుకు పునాది తవ్వుతుంటే పాత ఓడ లంగరు దొరికిందని, దాన్ని ఎత్తలేక దాని మీదే గోడ కట్టేశారని ఆయనకు నేను చెప్పి ఉన్నాను. ఆయన నమ్మలేదు. కానీ నన్ను గుర్తుపెట్టుకున్నారు. బావ సంగతి చెబితే శ్రద్ధగా విన్నారు.

"మా దగ్గర పనిముట్ల గదిలో ఒక మనిషి కావాలండీ. కాంట్రాక్టు మీద. వచ్చినవాడికి పానా ఇవ్వడం, తిరిగి తెచ్చాక గూట్లో పెట్టడం, అంతే. రోజంతా కుర్చీలోనే. మెడికల్ ఒకటి పాసవ్వాలి. చూపు, బీపీ, చెవులు, అన్నీ చూస్తారు. ఆదివారం మన ప్రోగ్రాంకి మీ బావగారిని తీసుకురండి, ఓసారి మాట్లాడతాను."

ఆ మాట అక్కకు చెబితే ఆ వేళే బావ తెల్ల చొక్కా ఉతికి ఆరేసింది.

ఆదివారం మధ్యాహ్నం హాలు కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. కుడివైపు కుర్చీల్లో హజీరా కుటుంబాలు, ఎడమవైపు చాపల మీద మేము. అలా కూర్చోమని ఎవరూ చెప్పలేదు. పిల్లల కోసం ఇంజనీరు గారు పాతకాలం సినిమా హాళ్లలో ఆడిన కార్టూన్లు తెచ్చి, గోడకు కట్టిన పెద్ద తెర మీద వేస్తున్నారు. మొదటి రెండింటికీ మా వాళ్లు సగం కునికారు. మూడో దాంట్లో మంచు, గుహ, కుచ్చు టోపీ కనపడ్డాయి. బావ నా తొడ మీద ఒక్కటి చరిచాడు. మా వయసువాళ్లందరూ సర్దుకుని కూర్చున్నారు. ఒకప్పుడు ఆ హాల్లో వాళ్లూ పడుకున్నవాళ్లే.

కొంగ డోలు వాయించింది. ఎలుగుబంటి చెవుల్లో దూది కుక్కుకుంది. చప్పుడు ఆగిపోయింది. అందరం నవ్వాం. తుమ్ము వచ్చింది, దూది ఎగిరిపోయింది, ఎలుగుబంటి ఉలిక్కిపడింది. మేం ఇంకా నవ్వుతున్నాం. నేనైతే కళ్లు తుడుచుకుంటూ ఎందుకో కుర్చీల వైపు చూశాను. అక్కడ ఒక్కరూ నవ్వడం లేదు. పిల్లలు లేచి నిలబడి వెనక్కి తిరిగి ఏదో అరుస్తున్నారు. వాళ్ల పెదాలు చదివాను. "సౌండ్! సౌండ్!"

దూది ఎగిరిపోయినా చప్పుడు తిరిగి రాలేదు. ఎక్కడో తీగ ఊడింది. కుర్చీలన్నిటికీ తెలిసింది. చాపల మీద మా ఆడవాళ్లకు తెలిసింది, పిల్లలకు తెలిసింది. రెండు వరసల్లో కూర్చున్న సాంచాల మగవాళ్లం మాత్రం తెర వంక చూస్తూ పగలబడి నవ్వుతూనే ఉన్నాం. మా ఆడవాళ్లు తెర చూడటం మానేసి మమ్మల్ని చూస్తున్నారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వు ఆపుకోవడానికి కాదు.

అందరిలోకీ గట్టిగా నవ్వుతున్నది బావ. ఇంజనీరు గారు ఊడిన తీగ చేతిలో పట్టుకుని సూటిగా ఆయన్నే చూస్తున్నారు.

నేను లేచాను. ఇలాంటప్పుడు నా నోరు నా అనుమతి కోసం ఆగదు.

"సార్, ఈ బొమ్మ మా బావకు కంఠతా వచ్చండి. చప్పుడు మీ డబ్బాల నుంచి రానక్కరలేదు, ఆయన నోట్లకెల్లి వస్తది. కావాలంటె చూడుండ్రి."

అని బావ వైపు తిరిగి, కార్ఖానాలో మాట్లాడుకున్నట్టు పెదాలతో, చేతులతో చెప్పాను. సౌండు పోయింది, నువ్వు వాయించు. బావ మొహంలో నవ్వు ఒక్క క్షణం ఆరిపోయింది. తెరను చూశాడు, కుర్చీలను చూశాడు, అర్థం చేసుకున్నాడు. తర్వాత మోకాలు పట్టుకుని లేచి నిలబడి, కొంగ డోలు కర్ర ఎత్తగానే నోటితో డోలు మోగించాడు. తాళాలకు తాళాలు, బాకాకు బాకా. ఎలుగుబంటి ఆవలింతకు ఎంత పొడుగు ఆవలించాడంటే ముందు కుర్చీలో ఒక పెద్దావిడకు కూడా ఆవలింత వచ్చింది. మంచు మీద జారుతుంటే సుయ్యిమని, బండ నెత్తిన పడితే ఠంగుమని. పిల్లలు కుర్చీలు వదిలి చాపల మీదికి వచ్చేశారు. బొమ్మ అయిపోయాక కొట్టిన చప్పట్లకు రేకులు లేచిపోయాయని నేను తర్వాత చాలామందికి చెప్పాను. రేకులు లేవలేదు. చప్పట్లు మాత్రం నిజం.

"భలేవారండీ మీరు! గురువారం మెడికల్‌కి వచ్చేయండి," అన్నారు ఇంజనీరు గారు, బావ చెయ్యి పట్టుకుని. బావ ఆయన పెదాలు చూసి తల ఊపాడు.

ఇంటికి నడుస్తున్నప్పుడు అక్క ముందు పోతోంది. నేను బావకు ఎదురుగా వచ్చి, మొహం కనపడేలా అడిగాను.

"ఎప్పటిసంది ఇనవడ్తలేదు?"

"పదేండ్లు దాటింది. మొదలు పిట్టలు పోయినయ్. తర్వాత ఫోను."

ఫోనంటే ఇష్టం లేని మనిషి అనుకున్నాం ఇన్నాళ్లూ. నలుగురిలో తక్కువ మాట్లాడతాడు, పెద్దమనిషి తరహా అనుకున్నాం. కార్ఖానాలో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ మోతలో అందరమూ పెదాలు చదువుతూ, చేతులతో మాట్లాడుకునేవాళ్లమే. అక్కడ బావకున్నంత వినికిడి ఎవరికీ లేదు.

"మరి టీ కాడ నేను జెప్పే కథలు?"

"టీ గిలాస నోటికి అడ్డం వెట్టుకొని చెప్తవు. ఏం సమజయితది?"

"పదేండ్లసంది నవ్వవడ్తివి గదా!"

"నీ మొహం జూస్తె నవ్వొస్తది బామ్మర్దీ. కథెందుకు?"

అన్నేళ్లుగా నాకున్న అందరికంటే మంచి శ్రోత ఆయనే.

గురువారం పాళీ మానుకుని ఇద్దరం బస్సెక్కాం. హజీరా దారిలో కాంట్రాక్టరు చూపించిన దవాఖానాలో చూపు పాసయ్యాడు, బీపీ పాసయ్యాడు. చెవుల దగ్గర ఒక అద్దాల పెట్టె గది, బావను అందులో కూర్చోబెట్టి చెవులకు డబ్బాలు తగిలించారు. మిషను దగ్గర గుజరాతీ అమ్మాయి. "కాకా, ఆవాజ్ ఆయే తో ఉంగలీ ఉఠానా," అని వేలెత్తి చూపించింది. చప్పుడు వినపడితే వేలెత్తాలి.

బావ ఎత్తడం మొదలుపెట్టాడు. ఎడమ చెవి, కుడి చెవి, పెద్ద చప్పుడు, చిన్న చప్పుడు, ఏదీ వదలడం లేదు. ఆ పిల్ల ఆశ్చర్యపోయి మీట ఇంకా తగ్గించింది. అప్పుడూ ఎత్తాడు. తలుపు దగ్గర నిలబడిన నాకు అర్థమైంది. బావ ఆమె భుజం చూస్తున్నాడు. మీట నొక్కేముందు ఆ భుజం వెంట్రుకవాసి కదులుతోంది. సాంచాకు అవతల నిలబడినవాడి మోచేయి చూసి ఏ పోగు తెగిందో చెప్పే మనిషికి అదొక పెద్ద పనా? నాకు గర్వంగా కూడా అనిపించింది.

ఇంతలో ఆ అమ్మాయి మంచినీళ్ల సీసా కోసం చెయ్యి చాపింది. బావ వేలెత్తాడు.

ఆమె సీసా కింద పెట్టి బావను చూసింది. ముక్కు గోక్కుంది. వేలు లేచింది. అప్పుడామె కోపం చేసుకోకుండా కుర్చీని నెమ్మదిగా తిప్పి, మా వైపు వీపు పెట్టి కూర్చుంది.

కార్టూన్లలో జంతువులు కొండ అంచు దాటిపోయినా కాసేపు గాలిలో నడుస్తూనే ఉంటాయి. కిందికి చూసేదాకా పడవు. అద్దం వెనక బావ వేలు సగం ఎత్తి ఉంది. ఎత్తాలో దించాలో తెలియక అక్కడే ఉండిపోయింది. ఆమె వీపులో ఏదైనా కనపడుతుందేమోనని ఆయన అలాగే చూస్తున్నాడు. ఎంతసేపో నేను చెప్పలేను. నేనే నేల వంక చూశాను.

"మీరూ కూర్చోండి కాకా, వచ్చారు కదా," అంది ఆ అమ్మాయి నాతో హిందీలో, బావ బయటికొచ్చాక. ఈసారి మొదటి నుంచీ వీపు పెట్టే కూర్చుంది. నాలుగైదు వినపడ్డాయి. తర్వాత ఆమె మీట నొక్కడం మర్చిపోయిందేమో అనుకున్నాను. మర్చిపోలేదట. ఇద్దరి కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. కాగితం మీద బావ వినికిడి గీత మెట్లు దిగినట్టు దిగి నేలలో కలిసిపోయింది. నాది ఆయన వెనకే రెండు మెట్ల దూరంలో ఉంది.

రెండు రోజుల తర్వాత ఇంజనీరు గారు నాకు ఫోను చేశారు.

"నాకు చాలా బాధగా ఉందండీ. ఆ గది ప్లాంటు లోపల ఉంది. గ్యాసు లీకైతే సైరన్ మోగుతుంది, అందరూ పరిగెత్తాలి. ఆయన అక్కడే కూర్చుని ఉండిపోతే? నేను సంతకం పెట్టలేనండీ. చెవి మిషను పెట్టించండి, తర్వాత బయటి పని ఏదైనా వస్తే చూద్దాం."

అక్కకు చెబితే చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"ఫెయిలైండని మీ బావకు చెప్పకు తమ్మీ. ఏదన్న మంచి అబద్ధం జెప్పు. నీ జన్మల ఒక్కటన్న మాకు అక్కరకు రానీ."

దారిలోనే మూడు తయారుచేసుకున్నాను. ఆ గదినే ఎత్తేశారు. ఆ పని కాంట్రాక్టరు అల్లుడికి పోయింది. ఇంజనీరు గారికి బదిలీ అయింది. మూడూ బాగానే ఉన్నాయి. మొదటిది ఎంచుకున్నాను.

కార్ఖానాలో సాంచాలన్నీ నడుస్తున్నాయి. బావ సందు చివర కండె మారుస్తున్నాడు. నన్ను చూసి గడ్డం ఎగరేశాడు, ఏమైందని. నేను దగ్గరికి పోయి పెదాలతో చెప్పాను.

"ఆ గదే తీసేసిండ్రంట బావా."

నా మొహం వంక చూశాడు. మళ్లీ చెప్పమని చెయ్యి తిప్పాడు. మళ్లీ చెప్పాను. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"టీ కాడ నీ మొహం దీపావళి లెక్కుంటది. ఇప్పుడేంది, గిట్ల బొగ్గైంది?"

నా గొంతు ఆయనకు వినపడేదైతే ఏదో ఒకటి సర్దేవాడిని. ఎత్తి, దించి, మధ్యలో ఒక నవ్వు పెట్టి. ఆ మోతలో నా దగ్గర మొహం తప్ప ఏమీ లేదు, దానితో అబద్ధం చెప్పడం నాకు ఎవరూ నేర్పలేదు. చెవి మీద చెయ్యి పెట్టి, లాభం లేదన్నట్టు ఆడించాను.

"సైరన్ మోగితె ఉరకాలెనంట. నీకు ఇనవడదంట."

బావ ఖాళీ కండెను చేతిలో తిప్పాడు.

"మస్తు ఉరుకుతం తియ్యి, ఈ కాళ్లతోని," అన్నాడు. అని, "సైరన్ జర పెద్దది వెట్టుకొమ్మనకపోయినవ్?"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆయన మూడో సాంచా ఆగింది. పడుగులో పోగు తెగినట్టుంది. బావ సాంచా చట్రం పట్టుకుని ముందు మోకాలు సరిచేసుకున్నాడు, తర్వాత నడుం, తర్వాత నడిచాడు. వంగి, తెగిన కొసలు వెతికి, ముడి వేసి, మీట లాగాడు. అది నడిచేలోపు ఆరోది ఆగింది. నావి కూడా రెండు ఆగి ఉన్నాయి. పాళీ దిగడానికి ఇంకా పదకొండు గంటలుంది.